పాత బండి, కొత్త చేతులు

1994లో వచ్చిన స్ప్లెండర్ మన ఊళ్లలో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. 97.2 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు, గాలికే చల్లబడే సిలిండర్. బండి పని నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు.

కొన్న మర్నాడే చాలామంది స్టిక్కర్ల షాపుకి వెళ్తారు. ముందు చూడాల్సింది టైర్లు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చుపోసి ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. గాళ్లు లోతుగానే కనిపించినా, ఏళ్లతరబడి ఎండకు గట్టిపడ్డ రబ్బరుకు వాన రోడ్డు మీద పట్టుండదు.

తర్వాత ఆయిల్. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, కాసేపు ఆగాలి. డిప్‌స్టిక్ తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగిస్తే అది మరింత లోతుకు దిగుతుంది, తక్కువున్న ఆయిల్ కూడా సరిపడా ఉన్నట్టు చూపిస్తుంది. ఈ సంగతి కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. పాత బండితో ఆ పుస్తకం సాధారణంగా రాదు. వెతికి సంపాదించుకోవడం ఎంతో మేలు.

ఇక చైన్. అరిగిన చైన్ అంతటా ఒకేలా సాగదు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కదిపి చూసి, ఎక్కడ ఎక్కువ బిగువుందో అక్కడే వదులు కొలవాలి. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చేత్తోనే తిప్పాలి. ఇంజన్ నడుస్తుండగా చైన్ తుడవబోతే గుడ్డతోపాటు వేళ్లూ స్ప్రాకెట్‌లోకి పోతాయి.