మార్చవలసిన నూనె

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 30:7, 8, లేవీయకాండము 24:1–4, కీర్తన 32, 2 కొరింథీయులకు 4:16

భీమవరము పరిసరములలో రొయ్యల చెరువు సాగుచేయు రైతునకు రాత్రివేళ కరెంటు పోవుట స్వల్పమైన సంగతి కాదు. చెరువునీట కరిగియుండు ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గిపోవును. ఆ సమయమున నీటిని చిలుకు ఏరేటర్లు ఆగిపోయినయెడల, నెలల తరబడి పెంచిన పంట కొద్ది గంటలలోనే చచ్చి తేలును. అందుచేత గట్టుమీద ఒక డీజిలు జనరేటరు సిద్ధముగా నుండును. రైతు దానికి డీజిలు పోయించును, నీళ్లు చూచును, ఆయిలు తగ్గినప్పుడు కొంచెము పోయించును. అయితే పాత ఆయిలు తీసివేసి క్రొత్తది పోయుటను మాత్రము, “నడుచుచునే యున్నది గదా” యని వాయిదా వేయును. కడకు అవసరమైన రాత్రియే ఇంజను పట్టివేయును.

ఇట్లేల జరుగును? డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలి గట్టిగా అదుమబడి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కగా, అందులోనికి చిమ్మబడిన డీజిలు తనంతట తానే అంటుకొనును. 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిల్ ఫలవంతముగా నడిపి చూపిన యంత్రము ఈ సూత్రముమీదనే పనిచేసినది. ఆ మంటలో పుట్టు మసి కొంత పిస్టను రింగులను దాటి అడుగుననున్న ఆయిలులో కలియును. కాలని డీజిలు దిగి ఆయిలును పలుచన చేయును. తేమయు గంధకపు వాయువులును కూడి ఆమ్లము పుట్టించును. 2020 ఏప్రిలు నుండి భారతదేశమున అమ్మబడు డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లకు 10 పాళ్లకు మించకుండ తగ్గింపబడినది. గాని మసియు తేమయు మానలేదు.

ఆయిలు నల్లబడుటయే దోషమని అనేకులు తలంతురు. అది సరికాదు. మసిని ఒకచోట పేరుకొననీయక తనలో మోయుట ఆయిలు పనియే. ఇక మోయలేని స్థితికి వచ్చినప్పుడే అపాయము. అప్పుడు మసి చిక్కని మడ్డియై సన్నని దారులను మూసివేయును. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు ఇంజను గంటకు 90,000 చుట్లు, 100 గంటలకు 90 లక్షల చుట్లు తిరుగును. అన్ని చుట్లలోను క్రాంకు షాఫ్టునకును బేరింగునకును నడుమ నుండునది వెండ్రుకకంటె పలుచనైన ఆయిలు పొర మాత్రమే. ఆ పొర చెడినచో ఇనుమును ఇనుమును రాచుకొనును.

ప్రత్యక్షపు గుడారములోని దీపమును గూర్చి దేవుడు మోషేకిచ్చిన ఆజ్ఞలను ఈ సందర్భమున జ్ఞాపకము చేసికొనుడి. సాయంకాలము మొదలుకొని ఉదయమువరకు అది వెలుగునట్లు దంచి తీసిన అచ్చమైన నూనె తేవలెను. అంతటితో సరిపోలేదు. అహరోను ప్రతి ఉదయమున ప్రదీపములను చక్కపరచవలెను. కాలిన వత్తిని కత్తిరించుటకు బంగారు కత్తెరలు కూడ చేయబడినవి. నూనె పోయుట యెంత పరిశుద్ధమైన పనియో, మసి తీయుట కూడ అంత పరిశుద్ధమైన పనియే. విశ్వాసి ఇందునుండి నాలుగు సంగతులు నేర్చుకొనవలెను.

మొదటిది: పోయుట వేరు, మార్చుట వేరు. పాత మడ్డిలో ఎంత మంచి ఆయిలు పోసినను అదియు త్వరలోనే మడ్డియగును. అనేకులు తమ ఆత్మ శుష్కించినదని గ్రహించి మరియొక కూటమునకు పోవుదురు, మరియొక ఉపవాసము చేయుదురు. అవి మంచివే. గాని సహోదరునిమీద పెట్టుకొనిన పగ, లెక్కలలో దాచిన అబద్ధము, రహస్యమైన అపవిత్రత లోపలనే యుండగా, పైనుండి పోసినది ఏమి చేయగలదు? పాపమును ఒప్పుకొనక మౌనముగా నున్నంత కాలము తన యెముకలు క్షీణించెనని 32వ కీర్తనలో దావీదు సాక్ష్యమిచ్చుచున్నాడు. దాచుట మానినప్పుడే క్షమాపణ దొరికెను.

రెండవది: ఇంజను ఆపకుండ ఆయిలు మార్చుట సాధ్యము కాదు. “సేవలో తీరిక లేదు” అనుట నేటి సంఘసేవకులలో అనేకుల మాట. ఉదయము పరామర్శ, మధ్యాహ్నము కమిటీ, సాయంకాలము గృహప్రార్థన. తన స్వంత మోకాళ్లకు మాత్రము సమయము లేదు. జనసమూహములు తన్ను వెదకుచుండగనే ప్రభువైన యేసు అరణ్యములోనికి వెళ్లి ప్రార్థించుచుండెనని లూకా 5:16లో చదువుచున్నాము. ఆయనకే ఏకాంతము అవసరమైనయెడల, ఆయన దాసునికి అవసరము లేదా?

మూడవది: వేడి చల్లారకముందే మార్చవలెను. అనుభవముగల మెకానిక్కు ఇంజనును కొంతసేపు నడిపి, ఆపి, ఆయిలు వెచ్చగా నుండగనే దానిని దించును. అప్పుడు మసి ఆయిలుతో కూడ బయటికి వచ్చును. చల్లారినయెడల అడుగున అంటుకొనును. మనస్సాక్షి విషయము కూడ అట్టిదే. కోపము నిలిచియుండగనే సూర్యుడు అస్తమింపకూడదని పౌలు ఎఫెసీయులకు హెచ్చరిక చేసెను. ఈ రాత్రి ఒక్క మాటతో తీరు సంగతి, పదియేండ్లు గడచిన తరువాత పది మంది పెద్దలు కూర్చుండినను తీరదు.

నాలుగవది: నష్టము నిశ్శబ్దముగా జరుగును. బేరింగు అరుగుచుండగా మొదట శబ్దము రాదు. సమ్సోను మునుపటివలెనే విడిపించుకొందునని లేచెను. యెహోవా తన్ను ఎడబాసెనని అతడెరుగడు. ప్రసంగము నడుచును, పాట నడుచును, చందా వసూలగును. లోపల పొర పలుచనగుచుండును. అందుచేతనే జాగ్రత్తగల యజమానుడు శబ్దము కొరకు వేచియుండక, ఇంజను నడిచిన గంటలను పుస్తకములో వ్రాసికొని, తయారుచేసినవారు చెప్పిన గడువునకు ఆయిలు మార్చును. ఎక్కువ గంటలు నడువకపోయినను, తేమ చేరియుండును గనుక, సంవత్సరమునకొకసారియైనను మార్చును. ఊరకనున్న విశ్వాసికిని ఇది బుద్ధి చెప్పుచున్నది.

అయితే ఇది మనుష్యుని స్వశక్తివలన జరుగు పనియా? కాదు. 2 కొరింథీయులకు 4:16లో పౌలు ఆంతర్య పురుషుని నూతనత్వమును గూర్చి వ్రాయుచు వాడిన గ్రీకు క్రియ “అనకైనూటై.” అది వర్తమానకాలమును, కర్మణి ప్రయోగమును గలది. అనగా నూతనపరచువాడు మరియొకడు, విశ్వాసి నూతనపరచబడువాడు. “దినదినము” అను మాటకు మూలమున “దినమును దినమును” అని యున్నది. ఇది హెబ్రీయుల నుడికారము. నిన్నటి మన్నా నేటికి పురుగుపట్టెను. నిన్నటి కృపను నిలువచేసికొని నేడు బ్రదుకుట ఎవరికిని ఇయ్యబడలేదు.

ఇంజను పట్టివేసిన తరువాత కూడ సిలిండరునకు బోరింగు చేయించి, క్రాంకును సానబట్టించి, తిరిగి నడిపింపవచ్చును. అట్లే పడిపోయిన దావీదును దేవుడు లేవనెత్తెను. కాని సానబట్టినప్పుడెల్ల కొంత లోహము పోవును. అది మరల రాదు. దావీదు క్షమింపబడెను; అతని యింటినుండి ఖడ్గము తొలగలేదు. కృప సమృద్ధియైనదని జాగ్రత్తను విడుచువాడు కృపను ఎరిగినవాడు కాడు.

ప్రియ చదువరీ, నీ లోపలి నూనె మారి ఎంత కాలమైనది? రేపటికి వాయిదా వేయకుము. పని ఆపుము, మోకరించుము, పేరుపెట్టి ఒప్పుకొనుము.

ప్రార్థన: ప్రభువా, నేను దాచినదానిని నీవు చూచుచున్నావు. దానిని నాలోనుండి తీసివేయుము. నీ ఆత్మతో నన్ను నేడు నూతనపరచుము; రేపును నీయొద్దకే రప్పించుము. యేసు నామమున వేడుకొనుచున్నాను. ఆమేన్.