గూటిలో విగ్రహం ఎవరిది?

ఫ్రాన్సులోని బర్గండీలో, సెరెన్ నది ఒడ్డున నోయేర్ అనే పాత ఊరుంది. కొయ్య చట్రాల నడుమ మట్టి కూరి కట్టిన మధ్యయుగపు ఇళ్ళు అక్కడ వీధులకు ఇరువైపులా ఇంకా నిలబడే ఉన్నాయి. కొన్ని ఇళ్ళ మూలల్లో చిన్న గూళ్ళు, వాటిలో మరియమాతో, మరో పునీతుడో కనిపిస్తారు. ఇలాంటి విగ్రహాలను ఆ కాలంలో ఇంటికి కాపలాగా పెట్టుకునేవారు. అగ్గి అంటుకోకూడదు, మహమ్మారి గడప తొక్కకూడదు, అంతే కోరిక.

ఇప్పుడు కాపలా తిరగబడింది. ఇలాంటి ఇంటిని, గూటితో సహా, సర్కారు కాపాడుతోంది.

1913 డిసెంబరు 31 నాటి చట్టంతో మొదలైన పద్ధతి ప్రకారం ఫ్రాన్సులో చారిత్రక కట్టడాలకు రెండు అంచెల రక్షణ ఉంది. పై అంచెలో ఉన్నదాన్ని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. కింది అంచెలోని ఇంటికి మార్పులు చేయాలంటే నాలుగు నెలల ముందే తెలపాలి. 1943 నుంచి చుట్టూ అయిదు వందల మీటర్ల మేర ఇరుగుపొరుగుకీ ఆంక్షలు వచ్చాయి. తన కిటికీ రంగు పక్కింటి పురాతనత్వం మీద ఆధారపడిందని తెలిసిన మనిషి విసుక్కుంటే తప్పు పట్టలేం.

అసలు చిక్కు విగ్రహంతో వస్తుంది. అది ఇంట్లో భాగమా, ఇంట్లోని సామానా? దీనికి 1804 నాటి సివిల్ కోడ్, 525వ అధికరణంలో, తత్వవేత్తలు అసూయపడే జవాబు ఇచ్చింది. విగ్రహం కోసమే కట్టిన గూడు ఉండి, విగ్రహం అందులో ఉంటే అది స్థిరాస్తే. దేనినీ పగలగొట్టకుండా చేత్తో ఎత్తి తీసుకోగలిగినా సరే! (ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మన యానాంలోనూ ఈ కోడే నడిచింది.) సున్నమూ మేకూ కాదు దాన్ని ఇంటితో కలిపేది. దాని కోసమని ఎవరో గోడలో చోటు వదిలారు, అందువల్ల అది ఆ ఇంటిది. మనుషుల విషయంలోనూ ఈ లెక్క పనికొస్తుందేమో. ఇంటికి కట్టేయబడినవాళ్ళు వేరు, ఇంట్లో చోటున్నవాళ్ళు వేరు.

దీనికి ఎదురు ఉదాహరణ పిరనీస్ కొండల వైపు ఉన్న కాజెనోవ్ ప్రార్థనా మందిరం. దాని గోడల మీది మధ్యయుగపు చిత్రాలను సహ యజమానుల్లో కొందరు, మిగతావారి అనుమతి లేకుండానే, ఒక పురావస్తువుల వ్యాపారికి అమ్మేశారు. ఆయన వాటిని గోడ నుంచి ఊడదీయించాడు. అవి స్విట్జర్లాండు చేరాయి. 1988 ఏప్రిల్ 15న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం, గోడ నుంచి ఊడొచ్చిన క్షణాన అవి చరాస్తులైపోయాయి. గోడలో ఇంకిపోయిన రంగు సామాను అయింది. గూట్లో ఊరికే నిలబెట్టిన రాయేమో ఇల్లు! తర్కానికి ఎక్కడో కాలు జారినట్టనిపిస్తుంది గానీ, అతికి ఉండటం వేరు, చెందడం వేరు అన్న తేడాను ఇంత సూటిగా చూపిన వ్యాజ్యం మరొకటి దొరకడం కష్టం.

ఖాళీ గూళ్ళ సంగతి 525వ అధికరణంలో లేదు. ఫ్రెంచి విప్లవకాలంలో, ముఖ్యంగా 1793 ప్రాంతంలో, ఎన్నో విగ్రహాలను పగలగొట్టారు. గూడు మాత్రం గోడ కనుక మిగిలింది. ఈనాటి దొంగల భయం మరో రకం. అందుకే కొన్నిచోట్ల పాత విగ్రహాన్ని మ్యూజియంలో దాచి, గూట్లో నకలు నిలుపుతారు. యజమాని దాన్ని శాశ్వతంగా అక్కడే ఉంచదలిస్తే, కోడ్ లెక్కన ఆ నకలు ఇంటి భాగమే. అయిదు వందల ఏళ్ళు ఆ మూల కాపలా కాసిన అసలు విగ్రహమేమో, విడిగా రక్షణ పట్టికకు ఎక్కితే తప్ప, కుర్చీలూ బల్లల సరసన మరో సామాను.