ఎవరి బోరు? ఎవరి పేపరు?

జ్ఞానానికి కులం లేదంటారు. సైన్సుకైతే అసలే లేదంటారు. థర్మామీటరుకు రెడ్డి జ్వరమూ మాదిగోడి జ్వరమూ ఒకటేనని మా హైస్కూల్లో ఒక అయ్యవారు చెప్పేవాడు. నిజమే. కానీ థర్మామీటరు ఎవరి చేతిలో ఉంది, ఎవరి నోట్లో పెట్టినారు, కనపడిన అంకె ఎవరి పుస్తకంలోకి ఎక్కింది? ఈ మూడు ప్రశ్నలకూ కులం ఉంది.

మాది అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. సగటు అనేది కాగితం మాట, చేనుకు తెలిసిన మాట కాదు. కింద గట్టి రాయి. పగుళ్లలో తప్ప నీళ్లు నిలవవు. శెనక్కాయ, అప్పు, బోరు. ఈ మూటి మధ్యనే మా బతుకులు తెల్లారిపోయినాయి.

మా నాయనకు డి.కె.టి. పట్టా కింద వచ్చింది రెండెకరాలు, గుట్ట వాలులో. అప్పు చేసి బోరు వేయించినాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచే ఆయన ఆపి చూపించిన చోటే వేయించినాడు. తమిళనాడు రిగ్గు బండి రాత్రంతా రాయి తొలిచింది. దుమ్ము, దుమ్ము, ఆఖర్న కాస్త తడి. అడుగున నీళ్లయితే ఊరినాయి గానీ మోటరు పది నిమిషాలు కూడా లాగలేదు. అప్పు మాత్రం నిలబడింది.

కొన్నేళ్లకు ఒక పరిశోధనా సంస్థ జీపు వచ్చింది. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. ఇది ఒక సంస్థ అలవాటైతే పేరు చెప్పేవాణ్ణి. వాళ్లకు కావలసింది సరిగ్గా మా బోరు లాంటి బోరే. భూమి లోపలి నుంచి పైకొచ్చే వేడిని కొలవాలంటే తీగ కొసన థర్మిస్టరు కట్టి బోరులోకి దించుతారు. కొన్ని మీటర్లకొకసారి ఆపి ఉష్ణోగ్రత చదువుతారు. లోతుకు పోయేకొద్దీ వేడి ఎంత పెరుగుతోందో చూస్తారు. ఆ రాయి వేడిని ఎంత తొందరగా మోస్తుందో ల్యాబులో తేలుస్తారు. రెంటినీ గుణిస్తే ఉష్ణప్రవాహం వస్తుంది. మోటరు ఆడే బోరు దీనికి పనికిరాదు. నీళ్లు కదిలితే లెక్క చెదిరిపోతుంది. ఎవరూ ముట్టని, నీళ్లు కదలని బోరు కావాలి. అంటే రైతు ఓడిపోయిన బోరు కావాలి. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు. రాతి గుణం అట్లాంటిది.

మా నాయన రెండు దినాలు వాళ్ల వెంట తిరిగినాడు. తీగ చుట్ట మోసినాడు. బోరు మీది బండ తీసినాడు. పిల్లోళ్లు రాళ్లేసి శబ్దం వింటా ఉంటారని ఆయనే అన్నేళ్లూ ఆ బండ మూసి కాపాడినాడు. లేకుంటే ఆ గుంత ఎప్పుడో పూడిపోయేది.

"లోపల ఏముంది సామీ?" అని అడిగినాడు.

"వేడి చూస్తున్నామయ్యా."

"నీళ్లు?"

"నీళ్లు మా పని కాదు."

రెండు దినాల కూలి ఇచ్చినారు. ఊర్లో ఇచ్చేదానికంటే ఎక్కువే ఇచ్చినారు. అది కూడా చెప్పాల. ఆ తర్వాత జీపు మళ్లీ రాలేదు.

యూనివర్సిటీలో జియాలజీ చదివేటప్పుడు ఆ పేపరు నా కంటబడింది. విదేశీ జర్నల్. పట్టికలో అక్షాంశం, రేఖాంశం, లోతు, వేడి, పక్కనే మా ఊరి పేరు. ఊరికి బయట వాడ, వాడకు బయట గుట్ట, గుట్ట వాలులో మా చేను. ఊరు మమ్మల్ని ఎన్నడూ లోపలికి రానియ్యలేదు. అంకెగా మారినాక గానీ మేము ఊరి పేరు కిందికి చేరలేకపోయినాం. కృతజ్ఞతల్లో డబ్బిచ్చిన శాఖ పేరుంది, సలహాలిచ్చిన పెద్దల పేర్లున్నాయి. ఆఖర్న 'స్థానికులు' అని ఒక మాట ఉంది. మా నాయన ఆ మాటలో ఎక్కడో ఉన్నాడు.

అయితే ఆయన పేరు రచయితల్లో వేయాల్సిందా? ఈ ప్రశ్నను చాలాకాలం నాలో నేను నలుపుకున్నాను. రచయిత అంటే రేపు ఎవరైనా అంకె తప్పంటే జవాబు చెప్పాల్సిన మనిషి. ఆ బరువు లేనోడికి పేరు పంచిపెడితే అది గౌరవం అనిపించుకోదు, ముష్టి అవుతుంది. ఎవరు ఏ పని చేసినారో విడివిడిగా చెప్పడానికి 2014లో క్రెడిట్ అనే పద్ధతి వచ్చింది. అందులో 14 పాత్రలున్నాయి. ఆలోచన, లెక్క, రాత, పర్యవేక్షణ, వనరులు సమకూర్చడం. గుంత తవ్వి అప్పులపాలైనోడు వనరులు సమకూర్చినోడే కదా అని వాదించొచ్చు. నేను వాదించను. మా పోరాటం అచ్చులో పేరుతో తీరేది అయితే ఎప్పుడో తీరిపోయేది. నాకు కావలసింది ఇంకోటి. కొలిచిన మాట కొలిపించుకున్నోడికి చెప్పినారా లేదా?

వేడి గురించి తెలిసింది కొలిచినోళ్లకే అనుకోవద్దు. కోలారు బంగారు గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయినాయి. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. అక్కడ రాయి కొట్టినోళ్లలో తమిళ దళితులు, మా చిత్తూరు వైపు నుంచి పోయిన దళితులు ఎందరో. ఆ రాయి ఎంత కాలుతుందో మొదట వాళ్ల వీపు కొలిచింది. 2001లో గనులు మూతపడినాయి. అంకెలు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ముతో బతికినోళ్ల లెక్క ఏ పట్టికలో ఉంది?

ఇంతకూ ఆ కొలతలు ఏం చెప్పినాయి? మా నాయనకు చెప్పదగ్గ మాటలు రెండున్నాయి. మొదటిది: మా కింది ధార్వార్ రాయి ప్రపంచంలోని చల్లని పాతరాళ్లలో ఒకటి. పైన నిప్పులు, కింద చల్లదనం. గోదావరి లోయలో మణుగూరు పక్కన పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు ఎగదన్నినాయి. సింగరేణి వాళ్లు అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టినారు. మా రాతి నుంచి అట్లాంటి కరెంటు రాదు. రాదని తెలియడం కూడా తెలివే. రేపెవడో భూతాప విద్యుత్తు అని చెప్పి మా డి.కె.టి. భూములు అడిగితే మేం ఎదురు ప్రశ్న వేయగలం.

రెండోది ఇంకా పెద్దది. నేల మీది ఎండ రాతిలోకి మెల్లగా దిగుతుంది. నూటయాభై ఏళ్ల ఎండ నూటయాభై మీటర్ల లోపలే ఇంకా ఉంటుంది. ఆ లెక్క చదివి సుకాంత రాయ్, ఆర్.యు.ఎం. రావు, ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2002లో ఒక పేపరు వేసినారు. మా చేనుకొచ్చినోళ్లు వేరు, వీళ్లు వేరు. సుమారు 150 ఏళ్లలో మన దేశపు నేల ఉపరితలం దాదాపు 0.9 డిగ్రీలు వేడెక్కిందని వీళ్లు తేల్చినారు. 'ఎండలు ముందర ఇట్ల ల్యాకుండె' అని మా జేజి అంటే ముసల్ది వాగుతోందన్నారు. రాయి అదే మాట చెప్తే జర్నల్ అచ్చేసింది. ఆ మాట తెలుగులో మా వాడకు వచ్చుంటే మా జేజికి సాక్షి దొరికేది. ఇంకో బోరుకు అప్పు చేయబోయేవాడు ఒక్క రాత్రి ఆగి ఆలోచించేవాడు.

పేపరు ఎవరైనా చదవొచ్చు కదా అంటారు. విదేశీ జర్నల్లో ఒక్క వ్యాసం ధర 30, 40 డాలర్లు. 2024 నవంబరులో కేంద్రం 'ఒకే దేశం ఒకే చందా' పథకానికి ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్లు. మంచిదే. ప్రభుత్వ కాలేజీల్లో చదివే మా పిల్లలకు తలుపు తెరుచుకుంది. బోరు యజమానికి తెరుచుకోలేదు, ఆయన భాషలోనూ తెరుచుకోలేదు. ప్రభుత్వ చెరువులు అందరివీ అని బొంబాయి కౌన్సిల్ 1923లో తీర్మానం చేసింది. అయినా 1927లో అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా మహద్ చెరువు నీళ్లు మనోళ్ల గొంతు దిగలేదు. తీర్మానం వేరు, దోసిలి వేరు.

ప్రమోషన్లకు ఇంగ్లీషు పేపర్లే లెక్క, తెలుగులో రాసి ఊర్లో చదివితే ఒక్క మార్కూ రాదు అని ఒక శాస్త్రవేత్త మిత్రుడు నాతో అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ లెక్క కట్టేవాళ్ల మీద ఉంది. అడుగుతున్నది కొండంత కాదు. ఎవరి చేనులో కొలిస్తే వాళ్లకు వాళ్ల భాషలో ఒక్క పేజీ. అది ఊరి రచ్చకట్ట కాడ కాకుండా వాడలో చదవాల. పోయేముందు బోరు మూత బిగించాల. వదిలేసిన బోర్లలో పసిపిల్లలు పడి చస్తుంటే సుప్రీంకోర్టు 2010లోనే మూయమని చెప్పింది. ఈ ఖర్చు ఒక విమానం టికెట్టంత కూడా ఉండదు.

దీన్ని దయ అని ఎవరూ పిలవొద్దు. మా నాయన ఆ బోరు మీది అప్పు వడ్డీతో సహా తీర్చినాడు. సైన్సు ఇంకా బాకీ ఉంది.