నెలలు నిండని బిడ్డ - గడువు ధర్మము

ముద్దతు హుండీ గడువు తీరకముందే సొమ్ము చెల్లింపుమని పట్టుబట్టు వర్తకుని ఎవరును న్యాయవంతుడనరు. అంగడిలో ఈ నియమము పాటించువారే, ఇంటిలో నెలలు తక్కువగా పుట్టిన పసిబిడ్డ యెడల దానిని మరచుచుందురు. "పక్కింటి పిల్ల అప్పుడే కూర్చుంటున్నది, మనవాడికి ఇంకా మెడ నిలవలేదు" అని పెద్దలు నిట్టూర్తురు. తల్లి చేసుకొన్న కర్మమని ఆమెను నిందించువారును కలరు. ఇది న్యాయమా?

గర్భవాసమునకు నిండు గడువు సుమారు 40 వారములు. 37 వారములు నిండక మునుపు పుట్టినవారిని నెలలు నిండని శిశువులందురు. కడపటి వారములలోనే మెదడు మిక్కిలి త్వరితముగా పెరుగును. 35వ వారమునాటికి దాని బరువు, నిండు నెలల శిశువు మెదడులో సుమారు మూడింట రెండు వంతులే. మెదడు పైపొరపై మడతలు పడుట, భాగములను కలుపు నరముల దారులు కుదురుట అప్పుడే విశేషముగా జరుగును. 32 వారములకు ముందు పుట్టినవారికి మెదడులోని సన్నని రక్తనాళములు చిట్లు భయము హెచ్చు. కొందరికి నడకలోనో, చదువులోనో లోటు నిలిచిపోవును. పెక్కుమంది చక్కగా ఎదుగుదురు.

అందుచేతనే వైద్యులు వయస్సును సవరించి చూతురు. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఎనిమిదవ నెల వచ్చినపుడు, ఆరు నెలల బిడ్డ చేయు పనులనే ఆశింతురు. సుమారు రెండేండ్లు వచ్చువరకు ఇదే లెక్క. అయితే గడువిచ్చుట వేరు, ఖాతా మూసి పక్కన పెట్టుట వేరు. సవరించిన లెక్కకు సైతము బిడ్డ వెనుకబడినచో, నుదుటి వ్రాతయని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

కొలంబియా దేశపు బొగోటా నగరములో 1978లో శిశువులను వెచ్చగా ఉంచు యంత్రములు చాలలేదు. అప్పుడు ఎడ్గార్ రే అను వైద్యుడు పసికందులను తల్లుల రొమ్మునకే హత్తి ఉంచు పద్ధతిని మొదలుపెట్టెను. అక్కడ ఈ విధముగా పెరిగినవారిని ఇరువది యేండ్ల తరువాత పరీక్షింపగా, యంత్రములలో పెరిగినవారికన్న వారిలో దుడుకుతనము తక్కువగా కనబడెను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని పుట్టిన వెంటనే మొదలిడవలెనని సూచించెను.

ముందుగా పుట్టుటకు కారణము అనేక పర్యాయములు వైద్యులకే తెలియదు. అట్టిచోట తల్లిపై నేరము మోపుట సాక్ష్యము లేని తీర్పు. నిందవలన బిడ్డ బరువు ఒక్క గ్రామైనను పెరుగదు. ఆమెకు విశ్రాంతి, ఆహారము, మంచిమాట ఇచ్చినచో ఆ మేలు బిడ్డకు చేరును. తొందరపడి వచ్చిన అతిథికి ఆసనము సిద్ధము చేయుట ఇంటివారి విధి గాని, ఏల ముందు వచ్చితివని అడుగుట కాదు.