గడియారం ముల్లు

టీవీ సీరియళ్ళలో తప్పులు పట్టడం నాకు పాత అలవాటు. గడప అవతల ఎర్రగాజులతో ఉన్న కోడలు గడప దాటేసరికి పచ్చగాజులతో కనిపిస్తుంది. ఉత్తరం చదివేవాడి చొక్కాకు జేబు ఒకసారి ఉంటుంది, మరొకసారి ఉండదు. ఇలాంటివి కంటపడితే పక్కవాళ్ళకు చెప్పందే నాకు తోచదు.

విరించిపురంలో మా ఇంట్లో ఒక రాత్రి అమ్మ సీరియల్ చూస్తూ కళ్ళొత్తుకుంటోంది. తెరమీద ఒక తల్లి ఏడుస్తూనే కొడుకును ఇంట్లోంచి పొమ్మంటోంది. ఆమె వెనక గోడ గడియారం నాలుగు చూపించింది. ఆమె నోట మరో మాట వచ్చేలోగా రెండున్నరకు పోయింది. నేను గట్టిగా నవ్వి అమ్మకు చూపించాను.

"ఆ తల్లి ఏడస్తా వుంది, నువ్వు గడియారం చూస్తా వుండావా?" అంది అమ్మ.

నాకు రోషం వచ్చింది. శ్రద్ధగా చూశాను గనకే గదా అది కనబడింది!

నిజానికి ఈ తప్పుల వెనక మోసమేమీ లేదు. కథలో వరుసగా వచ్చే దృశ్యాలను వరుసగా తీయరు. ఇల్లు దొరికిన రోజున, నటి కాల్షీటు ఉన్న రోజున, ఆ ఇంట్లో ఆమె ఉండే దృశ్యాలన్నీ తీసేస్తారు. ఒకే దృశ్యాన్ని దూరంనుంచి ఒకసారి, దగ్గరనుంచి ఒకసారి తీసి, ముందుదీ వెనకదీ కలిపి అతుకుతారు. మధ్యలో భోజనాలవుతాయి, గడియారం తన పని తాను చేసుకుపోతుంది. గాజుల రంగూ బొట్టు సైజూ రాసిపెట్టుకునే పని ఒక సహాయ దర్శకుడిది. దాన్నే కంటిన్యుటీ అంటారు. రోజుకొక భాగం పంపాల్సిన చోట ఆ కుర్రవాడికి నిద్రెక్కడిది? కోట్లు పోసి తీసిన 'గేమ్ ఆఫ్ త్రోన్స్'లోనే 2019 మేలో, రాజుల కాలపు విందు బల్లమీద ఈనాటి కాఫీ కప్పు మిగిలిపోయింది. లోకమంతా నవ్వాక దాన్ని బొమ్మలోంచి చెరిపేశారు. మా మార్గబంధీశ్వరుడి గుళ్ళోని రాతి గడియారానికి ఈ బెడద లేదు. పుల్ల నీడ వెనక్కి నడవదు.

పైగా, తప్పు ఎవరి కంటికి తప్పు? రాధిక నటించిన 'చిత్తి' 1999 నుంచి 2001 దాకా సన్ టీవీలో వచ్చింది. తెలుగులో 'పిన్ని' అయింది. ఇలా మార్చిన సీరియళ్ళలో మాట తెలుగు, వీధి తమిళనాడుది. గుంటూరునుంచి వచ్చిన బంధువొకాయన అలాంటిదే ఒకటి చూస్తూ, తెలుగు మాట్లాడే మనిషి వెనక అరవ బోర్డేమిటని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో తెలుగు. గడప దిగితే బస్సు బోర్డునుంచి అంగడి చీటీదాకా తమిళం. ఆయనకు తప్పుగా తోచింది నాకు మా వీధి.

అమ్మ తప్పులు పట్టదనుకోకండి. ఒక సీరియల్లో చెల్లెలికి మాటిచ్చిన అన్న, కొన్ని వారాలకు ఆ ఊసే ఎత్తకుండా ఆస్తి కోసం కోర్టుకెక్కాడు. కథ సాగాలి గదా, రాసేవాళ్ళు మరిచిపోయారు. "చేతిలో చెయ్యేసి చెప్పినాడే, ఈపొద్దు యాడికి పోయె ఆ మాట?" అని అమ్మ రెండు రోజులు గొణిగింది. నేను గమనించనేలేదు. అతని చొక్కా గుండీలు మాత్రం లెక్కపెట్టాను.

మనుషులు మారరా అంటే మారతారు. కానీ పాత మాట లోపలెక్కడో గుచ్చుకుంటూ ఉంటుంది. ఆ అన్నకు గుచ్చుకోవడమే లేదు. గాజుల రంగు మారినా కోడలు కోడలే. మాట ఇలా ఆనవాలు లేకుండా పోతే, ఆ చొక్కాలో ఉన్నది నిన్నటి మనిషేనని నమ్మడమెలా?

వేలూరులో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మొదటి సెలవులకు కాశీ తీసుకుపోతానని అమ్మకు చెప్పాను. సెలవులు వచ్చాయి, పోయాయి. ఇంటి మరమ్మతు, పిల్లల చదువులు. అమ్మ ఒక్కసారీ అడగలేదు, మరిచిపోయిందనుకున్నాను. ఆమె పోయాక పెద్దమ్మ చెప్పింది. తాను కాశీకి పోతూ రమ్మని పిలిస్తే, "మావాడు తీసకపోతానన్నాడులే అక్కా" అని అమ్మ ఆగిపోయిందట. అప్పటికి నేను మాటిచ్చి 18 ఏళ్ళు.