సినిమాతో పాటు ఇంట్లోకి వచ్చేది

ఇంట్లో కూర్చుని సినిమా చూసేవాడు ఎవరికి ఏం రాసిస్తున్నాడు? డబ్బు సంగతి కాదు నేను అడిగేది. టికెట్టుకో చందాకో ఇచ్చిన డబ్బుకి లెక్క ఉంటుంది. కానీ చందా కట్టినా, కట్టకుండా దొంగ సైటులో చూసినా, బొమ్మ తెర మీదికి రావాలంటే మన కంప్యూటర్లో ఏదో ఒక పరాయి ప్రోగ్రాము పనిచేయాలి. అందుకు మనం ఎక్కడో ఒకచోట "సరే" అని ఉంటాం. ఆ "సరే" గురించి నా ప్రశ్న.

"అలౌ నొక్కు అత్తయ్యా, ఏం కాదు" అని డల్లాస్ నుంచి మేనల్లుడు ఫోన్లో చెబుతాడు. గుంటూరులో అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని నొక్కుతుంది. "నొక్కాన్రా. మళ్ళీ ఇంకేదో అడుగుతోంది." "అదీ నొక్కెయ్." తెలుగిళ్ళలో ఈ సంభాషణ కొత్తదేం కాదు. ఎవరికి ఏ అనుమతి ఇచ్చిందో ఆవిడకి తెలియదు. నిజానికి మేనల్లుడికీ తెలియదు.

పదేళ్ళ కిందటి దాకా ఈ పరాయి ప్రోగ్రాములు పేర్లు చెప్పుకుని వచ్చేవి: అడోబీ ఫ్లాష్, మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్. బ్రౌజరుకి సొంతంగా వీడియో చూపించడం రాని రోజులవి. ఇంకో కంపెనీ రాసిన ముక్కని బ్రౌజరుకి తగిలించుకోవాలి, దాన్నే ప్లగిన్ అన్నారు. చిక్కేమిటంటే, పాత పద్ధతి ప్లగిన్‌కి ఆ కంప్యూటరు వాడే మనిషికి ఉన్నంత అధికారమూ ఉండేది. బొమ్మ చూపించడానికి వచ్చినవాడి చేతికి బీరువా తాళాలు కూడా ఇచ్చినట్టు. ఫ్లాష్‌లో ఎన్ని కన్నాలు పూడ్చినా కొత్తవి బయటపడుతూనే వచ్చాయి. "మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, కొత్తది దించుకోండి" అనే దొంగ బోర్డు వైరస్‌లు ఎక్కించేవాళ్ళకి ఏళ్ళ తరబడి అన్నం పెట్టింది. 2015లో క్రోమ్ ఆ పాత పద్ధతిని తీసేసింది. 2017లో ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్‌ని మాత్రం ఉంచి మిగిలినవి ఆపేసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కథ కూడా ముగిసింది.

పీడ విరగడయిందనుకున్నాం. పేరు మారిందంతే. దొంగ దారిలో అది ఎక్స్‌టెన్షన్ అయింది, "నోటిఫికేషన్లు అనుమతించండి" అయింది. 2020 డిసెంబరులో అవాస్ట్ అనే భద్రతా సంస్థ, వీడియోలు దించిపెడతామనో ఇంకేదో చేసిపెడతామనో చెప్పుకునే 28 ఎక్స్‌టెన్షన్లలో హాని చేసే కోడ్ ఉందని బయటపెట్టింది. వాటిని పెట్టుకున్నవాళ్ళు 30 లక్షల దాకా ఉంటారని అంచనా వేసింది. అవి ఏ చీకటి సందులోనో దొరికినవి కావు, క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్ల అధికారిక దుకాణాల్లోనే ఉన్నాయి.

ఇక ఫిల్మ్ నగర్ సంగతి. 2025 నవంబరులో ఐబొమ్మ నడిపాడన్న ఆరోపణ మీద ఒక వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఆ సైటు వాడిన 50 లక్షల మంది వివరాలు అతని దగ్గర ఉన్నాయనీ, బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కూడా ఆ దారినే సాగిందనీ పోలీసులు చెప్పారు. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు, సురేష్‌బాబు వెళ్ళి కమిషనర్‌ని కలిశారు. ఆ రోజుల్లో పోలీసులూ పరిశ్రమా జనానికి పదేపదే చెప్పిన మాట ఒకటుంది: ఉచితంగా సినిమా చూస్తున్నామని మురిసిపోతున్నారు, మీ సమాచారం పోతోంది, రేపు మీ బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

ఇది అబద్ధం కాదు. అయినా జనంలో చాలామంది చలించలేదు. సోషల్ మీడియాలో ఆ నిందితుణ్ణి రాబిన్‌హుడ్ చేసి కూర్చోబెట్టారు. టికెట్ ధరలు, పాప్‌కార్న్ ధరలు ఏకరువు పెట్టారు. ఆ ఏకరువుతో నాకు పేచీ ఉంది. టికెట్ ఖరీదు ఎక్కువైతే సినిమా మానేయొచ్చు. లేదా పక్కన ఇంకో సినిమా ఉంది, పుస్తకం ఉంది, నిద్ర ఉంది. సినిమా బియ్యం కాదు. కృష్ణానగర్లో గది అద్దె కట్టుకుంటూ బతికే లైట్‌మన్‌కీ, అసిస్టెంట్ ఎడిటర్‌కీ తర్వాతి సినిమా ఉంటుందో ఉండదో ఆ వసూళ్ళ మీదే ఆధారపడి ఉంటుందని తెలిసి కూడా చేసే ఎగవేత అది.

అయితే ఫిల్మ్ నగర్ పెద్దలు ఎంచుకున్న వాదన నాకు బలహీనంగా కనిపిస్తుంది. "దొంగ సినిమా చూడకు, నీకే ప్రమాదం" అంటే రెండు వేరు వేరు ప్రశ్నల్ని ఒకే ముడి వేయడం. ఆ పని తప్పా? ఆ పని ప్రమాదమా? రేపు ఎవడో ఒక శుభ్రమైన పైరసీ సైటు పెడతాడనుకోండి. ప్రకటన లేదు, వైరస్ లేదు, ఏ అనుమతీ అడగడు. అప్పుడు చూడొచ్చా? భయం మీద కట్టిన నీతి ఆ సైటు ముందు నోరు మెదపలేదు. ఇంకో చివర నుంచి చూడండి. డబ్బు కట్టి చూసే సైటు నా కంప్యూటర్లో ప్రమాదకరమైన ముక్క పెట్టిందనుకోండి. నేను తప్పు చేయలేదు కాబట్టి నాకు ప్రమాదం లేదనగలమా?

ఇది గాల్లో వేసిన ప్రశ్న కాదు. 2005లో సోనీ బీఎంజీ సంగీతం సీడీలు అమ్మింది. కొన్నవాడు కంప్యూటర్లో పెడితే, కాపీ చేయకుండా కాపలా కాసే ప్రోగ్రాము ఒకటి లోపలికి దిగి, విండోస్‌కి కూడా కనిపించకుండా దాక్కునేది. అది తెరిచిన దాపులోకి అసలైన వైరస్‌లు కూడా వచ్చి కూర్చున్నాయి. దుకాణంలో డబ్బిచ్చి కొన్నవాడి ఇంట్లోనే ఇది జరిగింది. పైరసీ చేసినవాడి దగ్గర ఆ సీడీయే లేదు.

ఇప్పుడు ఓటీటీల్లో ఆ కాపలా పని చేసేది డీఆర్ఎం. సిల్వర్‌లైట్ పోయాక దాని తాళం పనిని బ్రౌజరు లోపలికే తెచ్చారు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 2017 సెప్టెంబరులో ఈఎంఈ అనే పద్ధతిని ఆమోదించింది. దాని ప్రకారం తాళం తీసే ముక్క ఒకటి బ్రౌజరులో ఉంటుంది. గూగుల్ వారి వైడ్‌వైన్ అలాంటిదే. బ్రౌజరు కోడ్ బహిరంగంగా ఉన్నా ఈ ముక్క లోపల ఏముందో బయటివాళ్ళు చూడలేరు. ఓటింగులో 108 సంస్థలు ఔనన్నాయి, 57 కాదన్నాయి, 20 తటస్థంగా ఉన్నాయి. అంతకుముందు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఒక చిన్న కోరిక కోరింది: ఈ ముక్కలో భద్రతా లోపాలు వెతికే పరిశోధకుల మీద కేసులు పెట్టబోమని సభ్య సంస్థలు మాటివ్వాలని. ఆ మాట రాలేదు. ఫౌండేషన్ డబ్ల్యూ3సీకి రాజీనామా చేసి వెళ్ళిపోయింది.

నాకు అసలు నొప్పి ఇక్కడుంది. నా ఇంట్లో ఒక కాపలావాడున్నాడు. జీతం ఇచ్చేది వేరొకరు. వాడు కాపలా కాసేది నన్ను కాదు, నా నుంచి సినిమాని. అంతవరకు ఒప్పుకుంటాను, అద్దెకు తెచ్చుకున్న వస్తువుకి షరతులుంటాయి. వాడి సంచిలో ఏముందో చూడబోయినవాణ్ణి కోర్టుకి లాగే అవకాశం మాత్రం వదులుకోం అంటే ఎలా? మన సినిమా స్టూడియోల గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి వెళ్ళేవాళ్ళ సంచి తెరిచి చూస్తే ఎవరూ నొచ్చుకోరు. అక్కడ న్యాయమైంది నా గుమ్మం దగ్గర అమర్యాద ఎందుకవుతుంది?

"తాళం తయారీ చూపిస్తే దొంగలు పగలగొట్టరా?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే. తాళం ఎలా చేశారో లోకానికంతా తెలిసినా, తాళంచెవి ఒక్కటి రహస్యంగా ఉంటే చాలు, అది మంచి తాళం అని 1883లోనే ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ చెప్పాడు. బ్యాంకు లావాదేవీల రహస్య లిపి ఈనాటికీ ఆ సూత్రం మీదే నడుస్తోంది. డీఆర్ఎంకి ఆ సూత్రం పూర్తిగా అతకదు. తాళంచెవి ఎవరి నుంచి దాచాలో ఆ మనిషి చేతిలోనే పెట్టాలి మరి. సినిమా కనపడాలి, కాపీ కాకూడదు. అందుకే అది చీకట్లో పనిచేయాల్సి వస్తుంది, ఆ ఇబ్బందిని నేను కొట్టిపారేయను.

ఆ చీకటి వల్ల దొంగ దొరికాడా అంటే, ఓటీటీలో వచ్చిన తెలుగు సినిమా గంటల్లోనే నాణ్యమైన కాపీగా బయట తిరుగుతోంది. పెద్ద దొంగతనాలైతే ప్రేక్షకుడి ఇంటి దాకా రానే రాలేదు. 2013లో "అత్తారింటికి దారేది" విడుదలకి ముందే దాదాపు గంటన్నర సినిమా బయటికొచ్చింది. లోపలివాళ్ళ చేతి మీదుగానే వచ్చింది. కంగారుగా విడుదల తేదీని సెప్టెంబరు 27కి ముందుకు జరపాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో పట్టుబడిన ముఠా థియేటర్లకి సినిమా పంపే డిజిటల్ సంస్థల సర్వర్లలోకే చొరబడిందని పోలీసులు చెప్పారు. అత్తయ్య లాప్‌టాప్‌కి ఈ రెండిట్లోనూ ఏ పాత్రా లేదు.

మరి దారేమిటి? ఒక నమూనా ఉంది. 2015లో ఫైర్‌ఫాక్స్ ఇష్టం లేకుండానే డీఆర్ఎంకి చోటిచ్చింది. ఇస్తూనే దాన్ని ఒక గదిలో బంధించింది. ఆ గది గోడల కోడ్ అందరికీ కనిపిస్తుంది. లోపలి ముక్క మన ఫైళ్ళ జోలికి పోలేదు. వద్దనుకున్నవాడు తీసెయ్యొచ్చు. కాపలావాణ్ణి ఇంట్లోకి రానివ్వకుండా వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టడం లాంటిది. అందులో ఉన్న మర్యాద నాకు నచ్చింది. సినిమావాళ్ళ హక్కుకీ చోటుంది, ఇంటివాడి గుట్టుకీ గోడ ఉంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ బాధ ఇంకొంచెం వేరు. ఇండియాలో మాత్రమే పెట్టిన సినిమా కోసం ఉచిత వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటారు. అలాంటి హోలా అనే సర్వీసు తన ఉచిత వాడకందార్ల ఇంటర్నెట్ కనెక్షన్లని లుమినాటి పేరుతో వేరేవాళ్ళకి అమ్ముతోందని 2015లో బయటపడింది. డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషికి కూడా న్యాయమైన గుమ్మం లేకపోతే ఏ కిటికీ దారి పడతాడో చూడండి. ఆ కిటికీ మూయడం పోలీసుల చేతిలో లేదు. ఏ దేశంలో ఏ సినిమా పెట్టాలో నిర్ణయించే నిర్మాతలూ ఓటీటీలూ మూయాల్సింది.

చట్టం సంగతి ఒకటి మనలో చాలామందికి తెలియదు. 2012లో మన కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఏ సెక్షన్, కాపీ చేయడం కోసం ఈ తాళాలు పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు అంటుంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, సినిమాని దొంగతనంగా చిత్రీకరిస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా అన్నారు. మంచిదే. కానీ ఆ 65ఏలోనే మినహాయింపులూ ఉన్నాయి. ఒక కంప్యూటరు భద్రతని పరీక్షించడం కోసం, ఆ కంప్యూటరు యజమాని అనుమతితో చేసే పనికి అది అడ్డు చెప్పదు. అనుమతి ఇవ్వాల్సింది తాళం వేసినవాడు కాదని గమనించండి, కంప్యూటరు సొంతదారు. అంటే అత్తయ్య.

ఫిల్మ్ నగర్లో ఫిల్మ్ ఛాంబర్ ఉంది, దానికి పైరసీ వ్యతిరేక విభాగం కూడా ఉంది. సినిమా హక్కులు ఓటీటీకి అమ్మేటప్పుడు బేరం ఆడగలిగింది నిర్మాతలే. ప్రేక్షకుడి కంప్యూటరులో మా సినిమా పేరుతో మీరు పెట్టే ముక్కలో లోపం వెతికి చెప్పినవాడి మీద కేసు పెట్టం, లోపం తెలిస్తే ప్రేక్షకుడికి దాచకుండా చెబుతాం అని ఒప్పందంలో ఒక వాక్యం రాయమని అడగొచ్చు. మీ సమాచారం పోతుంది జాగ్రత్త అని జనాన్ని హెచ్చరించిన సంవత్సరంలోనే అడిగి ఉంటే ఇంకా బాగుండేది.