సూపర్ చాటా, క్యూఆర్ కోడా? చిన్న విరాళం వెనక ఉన్న ధర్మం

ఓం నమో వేంకటేశాయ.

"అన్నా, 51 రూపాయలు పంపాలనుకుంటున్నా, ఎక్కడికి పంపాలి?" ఈ ప్రశ్న మన ఛానెల్‌కి ఈ మధ్య చాలాసార్లు వస్తోంది. ఆదివారం లైవ్ సత్సంగం, నెలనెలా పౌర్ణమి అన్నదానం ఇప్పటిదాకా టీమ్ జేబుల్లోంచే నడిచాయి. ఇక అందరి దగ్గరా తీసుకుందాం అని గురువుగారు ఒప్పుకున్నారు. టీమ్‌లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నేనే కాబట్టి, ఏ ప్లాట్‌ఫామ్ పెట్టాలో చూసే పని నాకొచ్చింది.

నేను చేసిన మొదటి పని మీరు ఊహించిందే, ఎక్సెల్ షీట్ తెరిచాను. ఛార్జీల సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. తేలనిది ఇంకొకటి మిగిలింది. ప్రతి ప్లాట్‌ఫామ్ ఇచ్చేవాణ్ణి ఒక రకం మనిషిగా, తీసుకునేవాణ్ణి ఇంకో రకం మనిషిగా తయారుచేస్తుంది. అది మంచి రకమా కాదా అన్నది ఎక్సెల్ చెప్పదు. ఈ పోస్ట్ దాని గురించే.

ముందు లెక్కలు

యూట్యూబ్ సూపర్ చాట్‌లో, మెంబర్‌షిప్‌లో 30 శాతం యూట్యూబ్ ఉంచుకుంటుంది. మీరు 100 ఇస్తే అన్నదానానికి చేరేది 70, పన్నులు పోతే ఇంకా తక్కువ. పేమెంట్ గేట్‌వేలు కార్డు మీద మామూలుగా 2 శాతం, ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి, అంటే 100కి 2 రూపాయల 36 పైసలు. కొన్ని క్రౌడ్ ఫండింగ్ సైట్లు మన దగ్గర ఏమీ తీసుకోం అంటాయి కానీ, ఇచ్చేవాళ్ళ ముందు "టిప్" అని ఒక అంకె ముందే నింపి పెడతాయి. దాన్ని సున్నా చేయాలంటే వెతుక్కోవాలి. యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ ఛార్జీ లేదు. క్యూఆర్ స్కాన్ చేసి నేరుగా ఖాతాకి పంపితే 100కి 100 చేరతాయి.

30 శాతం తీసుకోవడం పాపం అని నేననను. సర్వర్లు వాళ్ళవి, మన వీడియో ఉచితంగా మోస్తున్నదీ వాళ్ళే. కానీ "అన్నదానానికి" అని చెప్పి 100 తీసుకున్నప్పుడు, 30 విస్తట్లోకి రాదని ఇచ్చేవాళ్ళకి తెలియాలి. తెలియకుండా తీసుకోవడం మాత్రం తప్పే.

ట్యూబ్‌లైట్ మీద పేరు

మీరు చూసే ఉంటారు. కొన్ని గుళ్ళలో ఫ్యాన్ రెక్కల మీద, ట్యూబ్‌లైట్ మీద దాత పేరు రాసి ఉంటుంది. పేరు ఎంత లావుగా ఉంటుందంటే వెలుగు కిందకి రాదు. సూపర్ చాట్ ఈ ట్యూబ్‌లైట్‌కి డిజిటల్ రూపం. ఎక్కువ ఇస్తే రంగు మారుతుంది, మెసేజ్ ఎక్కువసేపు పైన నిలబడుతుంది. తక్కువ ఇస్తే త్వరగా పోతుంది. ఇది అనుకోకుండా జరిగింది కాదు, దాన్ని తయారుచేసిందే అలా.

గీత 17వ అధ్యాయంలో స్వామి దానాన్ని మూడు రకాలుగా చెప్తాడు. ఇవ్వడం నా కర్తవ్యం అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా, దేశం, కాలం, పాత్రత చూసి ఇచ్చేది సాత్వికం. తిరిగి ఏదో వస్తుందని, ఫలం మీద కన్నేసి, మనసు ముడుచుకుంటూ ఇచ్చేది రాజసం. తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో అయితే, దానం ఇచ్చేటప్పుడు కొంచెం సిగ్గు కూడా ఉండాలంటుంది. మనం సాధారణంగా ఇవి ఇచ్చేవాళ్ళకి చెప్పిన పాఠాలు అనుకుంటాం. నాకు మాత్రం తీసుకునేవాడి బాధ్యత కూడా ఇందులో కనిపిస్తుంది. సాత్వికంగా ఇద్దామని వచ్చిన కుర్రాడి ముందు రంగురంగుల బోర్డు పెట్టి, పక్కవాడి 500 చూపించి, వాణ్ణి రాజసంలోకి లాగేది ఎవరు? మనమే.

ఇంకో మాట కూడా ఉంది. ఆదివారం లైవ్‌లో ఒక అమ్మాయి అడిగింది అనుకోండి: "నాన్నగారు పోయి మూడు నెలలైంది, నేనొక్కదాన్నే కూతుర్ని, మాసికం నేను పెట్టొచ్చా?" ఆ ప్రశ్న తెల్లగా వచ్చి పైకి వెళ్ళిపోయింది. అదే నిమిషంలో 500 రూపాయల రంగు పెట్టెలో "గురువుగారూ, నాది ఏ రాశి?" అని వచ్చింది. గురువుగారి కన్ను దేనిమీద పడుతుంది? ఆయన ఎంత నిస్పృహులైనా స్క్రీన్ ఆయన చూపుని లాగుతుంది. ఆ అమ్మాయి ఇంకోసారి అడగదు. ఆ ఒక్క నష్టానికి ఏ విరాళమూ సరిపోదని నా లెక్క.

పెద్దాయన అడ్డు ప్రశ్న

ఇది టీమ్ మీటింగ్‌లో చెప్పాను. బ్యాంకులో చేసి రిటైరైన బాబాయ్‌గారు ఒకరున్నారు మా టీమ్‌లో. ఆయన అడిగిన ప్రశ్న నిజంగా బరువైనది. "మరి గుడి గోడల మీద శాసనాలు ఏంట్రా? తిరుమలలో సామవాయి రాణి పేరు రాతిమీద ఉంది కదా. ఆవిడ దానం కూడా రాజసమేనా?"

పల్లవ రాణి సామవాయి భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని ఇచ్చింది. నగలిచ్చింది, ఆ సేవలు సాగడానికి భూములిచ్చింది. 966 నాటిదని చెప్పే శాసనంలో అది రాయించారు. అంటే పేరు రాయించడం మన సంప్రదాయంలో లేనిదేం కాదు.

నాకు సమాధానం వెంటనే దొరకలేదు. శాసనాల గురించి కొంచెం చదివాక ఒకటి గమనించాను. అలాంటి శాసనంలో దాత పేరు ఒక్కటే ఉండదు. ఏమిచ్చారు, ఎంత భూమి, ఏ సేవకి, ఏ ఉత్సవానికి, ఇదంతా ఉంటుంది. చాలా దాన శాసనాల చివర దీన్ని చెడగొట్టినవాడికి పాపం అని కూడా ఉంటుంది. ఆ రాత దాతని పొగడటం కంటే ఎక్కువగా తీసుకున్నవాణ్ణి కట్టిపడేస్తుంది. వంద ఏళ్ళ తర్వాత వచ్చిన అధికారి ఆ భూమి పంటని ఇంకోదానికి మళ్ళిస్తే, గోడే సాక్షి చెప్తుంది.

కాబట్టి అసలు తేడా పేరు ఉందా లేదా అన్నదాంట్లో లేదు. పేరు లెక్క కోసం ఉందా, ఎర కోసం ఉందా అన్నది చూడాలి. లెక్క కోసం అయితే రసీదులో రాస్తాం. ఎర కోసం అయితే స్క్రీన్ మీద వేస్తాం. ఇది చెప్పాక బాబాయ్‌గారు "సరే, అయితే రసీదు పక్కాగా ఉండాలి" అన్నారు. అక్కడే నా పని రెట్టింపైంది.

హుండీలో రెండు భాగాలు

క్యూఆర్ కోడ్ హుండీ లాంటిది అని అందరూ అంటారు. సగం నిజం. తిరుమల హుండీలో వెయ్యి వేశావో రూపాయి వేశావో పక్కవాడికి తెలియదు. అది బయటి భాగం. లోపల పరకామణి ఉంది. అక్కడ లెక్కపెట్టేవాళ్ళు జేబుల్లేని బట్టలతో కూర్చుంటారు. ఇచ్చేవాడికి గోప్యత, తీసుకునేవాడికి తనిఖీ. రెండూ కలిస్తేనే హుండీ. ఎవరో ఒకరి సొంత సేవింగ్స్ ఖాతా క్యూఆర్ వీడియో కింద పెడితే, మొదటి సగమే ఉంటుంది. అన్నదానం డబ్బు, ఆయన ఇంటి అద్దె, స్విగ్గీ బిల్లు అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో కలిసిపోతాయి. దొంగతనం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా, చేయలేదని చూపించడానికి ఆయన దగ్గర ఏమీ మిగలదు.

మంచి మనసు చాలదా అంటే, రామదాసు కథ గుర్తు చేసుకోండి. కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టాడు, సర్కారు శిస్తు సొమ్ము దానికి వాడాడు. ఆయన భక్తిని ఎవరూ శంకించలేరు. అయినా గోల్కొండలో పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని చెప్పుకుంటాం. ఒక పని పేరుమీద వచ్చిన డబ్బు ఇంకో పనికి వెళ్తే, ఆ రెండో పని ఎంత పవిత్రమైనా లెక్క లెక్కే. కథ ముగింపు నాకు మరీ ఇష్టం. రామలక్ష్మణులు రాత్రి తానీషా దగ్గరికొచ్చి బాకీ తీర్చి, ఊరికే వెళ్ళిపోలేదు. రసీదు రాయించుకున్నారు.

మైక్ కొనడానికి అని వచ్చింది మైక్‌కే. అన్నదానానికి అని వచ్చింది అన్నానికే.

చిన్న అంకె చిన్నబోకూడదు

ధర్మరాజు అశ్వమేధం చేశాక సగం ఒళ్ళు బంగారంగా ఉన్న ముంగిస వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మణుడు ఇచ్చిన పేలపిండికి సాటిరాదు అన్న కథ మనకి తెలుసు. ఆ ఇంట్లో నలుగురూ ఆకలితో ఉండి తమ వాటాలు అతిథికిచ్చేశారు. అంకెని బట్టి వరస పెట్టే ఏ యాప్ అయినా ఆ పిండిని అట్టడుగున పడేస్తుంది.

చిన్న మొత్తాన్ని గౌరవంగా తీసుకోవడం ఈ కాలంలో కుదరదేమో అంటారా? అయోధ్య రామమందిరానికి 2021 జనవరి 15 నుంచి ఫిబ్రవరి 27 దాకా ఇంటింటికీ వెళ్ళినప్పుడు 10, 100, 1000 రూపాయల కూపన్లు ఉన్నాయి. పది రూపాయలిచ్చిన వాళ్ళకి కూడా చేతికి ఒక కాగితం వచ్చింది.

అందుకే మన పేజీలో 501, 1116 అని బటన్లు పెట్టట్లేదు. ఖాళీ గడి ఒకటే. మీకు తోచిన అంకె మీరే రాస్తారు.

నెలనెలా ఇవ్వాలనుకునే వాళ్ళ కోసం యూపీఐ ఆటోపే చూశాను. 15,000 రూపాయల దాకా ప్రతిసారీ పిన్ అడగదు, కానీ డబ్బు తీసే 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. వ్యాపార లెక్కలో చూస్తే ఈ మెసేజ్ నష్టం. అది చూసి కొందరు ఆపేస్తారు. నాకది సంకల్పం లాగా అనిపించింది. ఈ నెల కూడా ఇవ్వాలా అని మిమ్మల్ని ఒకసారి అడుగుతుంది. మర్చిపోయి కట్ అవుతున్న డబ్బు దానం కాదు, అది సబ్‌స్క్రిప్షన్.

మేము తీసుకున్న నిర్ణయం

మన సొసైటీ పేరుమీద విడిగా ఒక కరెంట్ ఖాతా, దానికి ఒకే క్యూఆర్. సత్సంగంలో సూపర్ చాట్ ఆపేస్తున్నాం. మెంబర్లకి మాత్రమే అని ఏ స్తోత్ర వివరణకీ తాళం వేయం. యూపీఐలో పంపినవాళ్ళ పేరు ఖాతా చూసేవాళ్ళకి కనిపిస్తుంది, దాన్ని తప్పించలేం. అందుకే ఆ లిస్టు బాబాయ్‌గారు, ఇంకో సభ్యురాలు మాత్రమే చూస్తారు. ప్రశ్నలకి జవాబు చెప్పే గురువుగారు చూడరు. ఇది ఆయనే పెట్టిన షరతు. ప్రతి నెలా ఎంత వచ్చింది, దేనికి ఖర్చైంది ఇక్కడే పెడతాం, పేర్లు లేకుండా. ఆ నెల అన్నదానానికి సరిపడా వచ్చేస్తే, క్యూఆర్ తీసేస్తాం.

దీనివల్ల మనకి నష్టం ఉంది. లైవ్ ఊపులో వచ్చే డబ్బు రాదు. డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి చూసే అక్కలు, అన్నయ్యలు కొందరు బాధపడతారు కూడా. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో విదేశీ దాతలే. మనకి ఆ రిజిస్ట్రేషన్ లేదు. "కాఫీ కొనివ్వండి" తరహా సైట్ ద్వారా చుట్టు తిప్పి తీసుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. అన్నదానం కోసం అడిగి, కాగితం మీద కాఫీ అని రాయడం మాకు నచ్చలేదు. అలాగే 80జి మినహాయింపు కూడా మనకి లేదు. పన్ను తగ్గుతుందని ఎవరైనా మన పేరుతో చెప్తే నమ్మకండి.

ఇంకో జాగ్రత్త. 2023 డిసెంబర్ చివర్లో, అయోధ్య ప్రాణప్రతిష్ఠకి ముందు, గుడి పేరుతో దొంగ క్యూఆర్ కోడ్‌లు తిరుగుతున్నాయని విశ్వహిందూ పరిషత్ హెచ్చరించాల్సి వచ్చింది. అంత పెద్ద పేరునే వదలనివాళ్ళు మనల్ని వదులుతారా? కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ఏ క్యూఆర్‌కీ పంపకండి. స్కాన్ చేశాక మనిషి పేరు కాకుండా సొసైటీ పేరు కనిపిస్తేనే ముందుకెళ్ళండి.

చివరగా, చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఉద్యోగం పోయి వెతుక్కుంటున్నవాళ్ళు దయచేసి ఏమీ పంపొద్దు. సత్సంగానికి రండి, మీ ప్రశ్న అడగండి. తెల్లగా వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే వరసలో ఉంటాయి. మొదటి నెల లెక్క పౌర్ణమి అయిన వారానికి ఇక్కడ పెడతాను, తేడా కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి.

ఓం నమో వేంకటేశాయ.